పాల కేంద్రంలో నిన్నటి సీరియల్

మా అత్తకు ఊళ్లో ఉన్న గౌరవం పొలం వల్ల వచ్చింది కాదు, రొయ్యల వల్ల వచ్చింది అసలే కాదు. టీవీ సీరియల్ వల్ల వచ్చింది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. పొద్దున పూట మా ఊరి పాల కేంద్రం దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్లు మాత్రం నవ్వరు.

మాది ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. సగం మందికి రొయ్యల గుంటలు ఉన్నాయి, మిగతా సగానికి ఆ గుంటల మీద పని ఉంది. సాయంత్రం సీరియల్ వచ్చే వేళకు ఆడవాళ్లెవరూ ఇంట్లో తీరిగ్గా ఉండరు. ఒకామె గేదె దగ్గర కూర్చుని పాలు పిండుతూ ఉంటుంది. ఒకామె గుంట మీద మేత చల్లే మొగుడికి అన్నం తీసుకుపోతూ ఉంటుంది. ఇంకొకామె అప్పుడే నాట్ల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ ఉంటుంది. అందరికీ సీరియల్ కావాలి, చూడటానికి ఎవరికీ కుదరదు. మా అత్తకు కుదురుతుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఇంటిపని అంతా నా నెత్తిన ఉంది. అందుకని సాయంత్రం ఆమె చూస్తుంది, మర్నాడు పొద్దున పాల కేంద్రంలో అందరికీ చెబుతుంది.

పాలు పోయించుకునే ఆయన ఒక్కొక్కరి పాలూ వెన్న చూసే యంత్రంలో పెట్టి, అంకె వచ్చేదాకా ఆగాలి. వరస నత్తనడక నడుస్తుంది. మా అత్త క్యాను కింద పెట్టి, కొంగు సర్దుకుని, ఎటో చూస్తూ నిలబడుతుంది. "నిన్న ఏమయింది పెద్దమ్మా?" అని ఎవరో ఒకరు అడగాలి. అడగందే నోరు విప్పదు. అడిగాక ఇక ఆగదు. సీరియల్లో అత్త వస్తే నడుం మీద చెయ్యి పెడుతుంది, చిన్న కోడలు వస్తే తల కాస్త వంచుతుంది. పాలు పోసేసినవాళ్లు కూడా ఖాళీ క్యాన్లు పట్టుకుని అక్కడే నిలబడిపోతారు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఇదంతా చూసి సిగ్గేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, కాస్త గర్వం కూడా వచ్చింది. చేపలమ్మే ఆమె "నువ్వు సీరియల్ పెద్దమ్మ కోడలివి గదా" అని నా గంపలో ఇంకో చేప వేసేది.

ఇంట్లో మా ఇద్దరికీ పొంగిపోయే ప్రేమలేమీ లేవు. నా పులుసులో ఆమెకు ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువే. నాకా, ముక్కు మీద కోపం. అయినా ఆ పాల కేంద్రం పెత్తనం ఆమెకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. జ్వరం వచ్చిన రోజు కూడా పాలు తీసుకుని ఆమే వెళ్లేది.

మా ఇల్లు గుంటల కట్టకు ఆనుకుని ఉంటుంది. రొయ్యలు ఉన్నన్నాళ్లూ నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. అవి ఆగితే రొయ్యలకు ఊపిరి ఆడదు, పంట మొత్తం పోతుంది. కరెంటు పోతే డీజిల్ ఇంజను వేస్తారు, దాని మోత ఇంకా ఘోరం. అందుకని మా ఇంట్లో అందరం అరిచే మాట్లాడుకుంటాం. కోపం ఉన్నా అరుస్తాం, లేకపోయినా అరుస్తాం. మొదటిసారి బుచ్చిరెడ్డిపాలెం నుంచి మా అమ్మ వచ్చినప్పుడు, మేము పోట్లాడుకుంటున్నామని కంగారుపడి సర్దిచెప్పబోయింది. అప్పుడు మేము మాట్లాడుకుంటున్నది చింతపండు డబ్బా ఎక్కడుందని. టీవీ కూడా మాలాగే అరిచేది. ఆ మోతలో అదేం పెద్దగా అనిపించేది కాదు.

ఈ ఏడాది రొయ్యల పట్టుబడి అయిపోయాక గుంటల్లో నీళ్లు తీసేసి ఎండగట్టాం. ఏరియేటర్లు కట్ట మీదికి ఎక్కాయి. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. సముద్రం హోరు మా వంటింట్లోకి వినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మా ఆయనా నేనూ మామూలు గొంతుతో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. టీవీ సౌండు నాకు చెవులు చిల్లులు పడేలా అనిపించి, బాగా తగ్గించేశాను.

మా అత్త ఏమీ అనలేదు. కూరలో ఉప్పు తక్కువైతే వారం దాకా వదలని మనిషి, తన సీరియల్ సౌండు తగ్గిస్తే ఊరుకుంది. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. పోనీలే, నా మాటకు విలువ ఇచ్చింది అనుకున్నాను.

ఆ వారంలోనే పాల కేంద్రం దగ్గర గొడవ మొదలైంది. ఒకరోజు నేనూ ఆమె వెంట ఉన్నాను. ఎవరో అడిగారు, ఆమె మొదలుపెట్టింది.

"పెద్దకోడలికి ఫోన్ వచ్చినాది మే. చెవి దగ్గర పెట్టుకున్నాది, అట్టనే గోడకి ఆనుకోని, కిందికి జారి, ఒకటే ఏడుపు. వాళ్లమ్మ పోయినాది. పాపం, పుట్టింటికి పోయి ఎన్నాళ్లయిందో ఏందో."

వరసలో అందరి మొహాలూ వాడిపోయాయి. ఆ ఏడాదే తల్లిని పోగొట్టుకున్న ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పుడు వెనక నుంచి ఒక కొత్త కోడలు ముందుకొచ్చింది. కోవూరు వైపు పిల్ల, మా వీధిలోకి వచ్చి ఎక్కువ నెలలు కాలేదు.

"లేదు పెద్దమ్మా, ఎవురూ పోలా. ఆమెకి ఉద్యోగం వచ్చిందని ఫోను. సంతోషంతో ఏడ్చినాది. నేను ఫోన్లో చూసినా గదా."

అందరూ ఘొల్లున నవ్వారు. కళ్లు తుడుచుకున్న ఆమె కూడా నవ్వింది. పాలు పోయించుకునే ఆయన "ఏం పెద్దమ్మా, బతికుండే మనిషిని చంపేసినావే" అన్నాడు. మా అత్త కూడా నవ్వినట్టు పెదాలు కదిపింది. ఆ పిల్ల చెడ్డది కాదు. చూసింది కాబట్టి చెప్పింది. ఫోన్లో ఆ చానల్ యాప్ ఉంటే, దాటిపోయిన ఎపిసోడ్ ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. మా ఊళ్లో చిన్నవాళ్లు చాలామంది అట్లాగే చూస్తున్నారట.

మర్నాడూ అదే జరిగింది. సీరియల్లో అత్త దేవుడి ముందు నిలబడి కొడుకు బాగుండాలని మొక్కుకుందని మా అత్త చెప్పింది. మొక్కుకోలేదు, ఇల్లు అమ్మించడానికి ఎత్తు వేస్తోంది అని ఆ పిల్ల చెప్పింది. ఇక అప్పటి నుంచి మా అత్త ఒక ముక్క చెబితే, అందరూ ఆ పిల్ల మొహం వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు చూడటం మొదలుపెట్టారు. నవ్వినప్పటి కంటే అదే ఆమెను ఎక్కువ కోసింది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ఆ తర్వాత రోజు క్యాను నా ముందు పెట్టి, "మోకాళ్లు లాగతుండాయి, నువ్వే పో" అంది. వారమైనా మళ్లీ కేంద్రం మొహం చూడలేదు.

మా ఆయన భయపడిపోయాడు. "అమ్మకి మతిమరుపు వస్తున్నట్టుండాది. సాయంత్రం చూసింది పొద్దునకి మారిపోతే ఎట్టా?" అని రెండు రోజులు నాతో అదే మాట. మతిమరుపు వచ్చి ఇంటి దారి తప్పిన ఎవరో ముసలాయన కథ కూడా చెప్పాడు. గుంట మనిషి గదా, ఏ కష్టానికైనా ఆయన దగ్గర ఒక మిషను ఉంటుంది. నీళ్లలో గాలి తగ్గితే ఒక మిషను, ఉప్పు చూడటానికి ఒక మిషను. దీనికి కూడా ఒకటి కనిపెట్టాడు. టీవీకి తగిలించే పెట్టె ఒకటి కొంటే, నిన్నటి ఎపిసోడ్ పెద్ద తెర మీద మళ్లీ చూసుకోవచ్చు. మళ్లీ మళ్లీ చూస్తే ఎందుకు గుర్తుండదు, అన్నది ఆయన లెక్క. నెల్లూరు పోయి, కొట్లో ఉన్నవాటిలో ఖరీదైంది చూసి తెచ్చాడు.

మా టీవీ ఒక మంచి పంటప్పుడు కొన్నది. పలచగా, పెద్దగా ఉంటుంది గానీ దానంతట దానికి ఇంటర్నెట్ రాదు. వెనక రెండు రంధ్రాలున్నాయి. ఒకదాన్లో కేబుల్ డబ్బా వైరు ఉంది. రెండోది ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంది. మా ఆయన నా పిన్నీసు తీసుకుని దాన్ని గీకాడు. ఇరుక్కుని ఇరుక్కుని పెట్టె వైరు లోపలికి పోయింది. కేబులాయన ఇచ్చే నెట్ ఉంది, క్రికెట్ కోసం మా ఆయన డబ్బు కట్టిన యాప్‌లోనే ఆ సీరియల్ కూడా ఉంది. అంతవరకు బాగానే ఉంది.

పెట్టె వెలిగాక మొదలైంది తంటా. ముందు "చూసేది ఎవరు?" అని అడిగింది. రంగు రంగుల బొమ్మలు చూపించి, ఎవరో తేల్చుకోమంది. అది దాటితే సినిమాల బొమ్మలు వరసలు వరసలుగా వచ్చాయి. ఒక దాని మీద కాసేపు ఆగితే చాలు, దానంతటదే మొదలైపోతుంది. తుపాకులు పేలాయి. ఆ పక్కది ముద్దులు. మా అత్త మొహం తిప్పుకుంది. సీరియల్ ఎక్కడుందో వెతకడానికి మా ఆయనకే చాలాసేపు పట్టింది. పైగా ఆ రిమోటుకు ఒక గొప్ప ఉందట, దాంతో మాట్లాడొచ్చట.

"అమా, నువ్వు ఏం నొక్కబళ్లా. దీనికి నోటితో చెబితే చాలు, అదే పెడతాది."

"దానికి చెప్పేదేంది, నీకు చెబితే నువ్వు పెట్టలేవా?" అంది మా అత్త.

ఆయనే రిమోటు అందుకున్నాడు. నిన్నటి ఎపిసోడ్ పెట్టాడు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. అయిపోగానే ఆయన బడిపంతులు మాదిరి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు ఏం జరిగిందో చెప్పు మా."

ఆమె చెప్పింది. ఎవరు ఏ చీర కట్టుకున్నారో చెప్పింది. మెట్ల మీద ఎవరు ఆగారో, చిన్న కోడలు చేతిలో గ్లాసు ఎప్పుడు జారిందో చెప్పింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎవరు ఏమన్నారో మాత్రం ఒక్కటీ సరిగ్గా లేదు. ఆయన నిట్టూర్చి, అదే ఎపిసోడ్ మళ్లీ మొదటి నుంచి పెట్టి, మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. మొదటిసారి చెప్పినట్టే, పొల్లుపోకుండా, అవే తప్పులతో.

"చూసినావా? రెండుసార్లు చూసినా గుర్తుండలా" అని నాతో అని, తల పట్టుకుని ఆయన బయటికి పోయాడు.

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. మరిచిపోయే మనిషి అయితే రెండోసారి ఇంకో రకంగా చెప్పాలి. చీర అంచు రంగు గుర్తున్న మనిషికి మాట గుర్తుండకపోవడం ఏమిటి? ఆమె మొహాలు చూసింది. ఏడుపు చూసి చావు అనుకుంది, దేవుడి పటం చూసి మొక్కు అనుకుంది. మాటలు ఆమెకు అందలేదు.

నేను లేచి ఆమె వెనక్కి వెళ్లాను. మామూలు గొంతుతోనే అన్నాను, "అత్తా, నీ నగలన్నీ మా చెల్లెలికి ఇచ్చేస్తుండా."

ఆమె కదల్లేదు. తెర మీద ఆగిపోయిన బొమ్మ వైపు చూస్తూ కూర్చుంది. నేను ముందుకొచ్చి ఎదురుగా కూర్చుని అదే మాట మళ్లీ అన్నాను.

"ఇస్తావు, ఇస్తావు. నీ చెల్లెలి మొహానికి అవొకటే తక్కువ" అంది ఠక్కున.

అన్నాక నా మొహం చూసింది. నేనెందుకు అట్లా అన్నానో ఆమెకు అర్థమైపోయింది. తెలివిలో ఆమెకు ఏం తక్కువ లేదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

"ఏమో. గుంటల మోత ఉన్నన్నాళ్లు బాగానే ఉండింది. అందరూ అరుస్తా ఉండేవాళ్లు గదా."

నాకు మొదట ఒళ్లు మండింది. ఇంత పెద్ద విషయం దాచిపెట్టి, మతిమరుపు అని కొడుకు ఏడుస్తుంటే ఊరుకుంటుందా అని. సౌండు పెంచమని ఒక్క మాట అంటే పోయేది. అదే అడిగాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ అట్లా వెయ్యదు.

"ఊళ్లో చెప్పబాకు. వాడికి కూడా చెప్పబాకు. వాడికి చెప్తే కట్ట మీద మైకు పెట్టినట్టే. మా పుట్టింటి వీధిలో ఒకామె ఉండేది, చెవిటామె అనేవాళ్లు. ఆమె పేరేందో నాకు ఇప్పటికీ తెలవదు. ఆమె పోయిన రోజు కూడా చెవిటామె పోయిందనే అన్నారు."

చెవికి పెట్టుకునే మిషను ఉంటుంది గదా, నెల్లూరులో చూపిద్దాం అన్నాను.

"అది పెట్టుకోని పాల కేంద్రానికి పోతే, నేను చెప్పేది ఎవురు వింటారు? అందరూ నా చెవినే చూస్తారు."

నా కోపం అక్కడితో పోయింది. ఆ వయసులో నాకు ఒకే ఒక్క గౌరవం ఉంటే, నేను మాత్రం వదులుకుంటానా? సరే, చెప్పను అన్నాను. సౌండు పెంచుదామంటే, ఈ నిశ్శబ్దంలో మా టీవీ వీధి చివరి దాకా వినిపిస్తుంది, ఎందుకంత సౌండని ఎవరైనా అడుగుతారు. మాట ఆమె చెవికి మాత్రమే చేరే దారి ఏదైనా ఉండాలి. పెట్టె కష్టంగా ఉంది, మార్చుకొద్దాం అని మా ఆయన్ని బయలుదేరదీశాను.

నెల్లూరులో ఆ కొట్టాయన మంచివాడే, పెట్టె వెనక్కి తీసుకుంటానన్నాడు. కానీ దానికంటే పెద్దది అంటగట్టాలని చూశాడు. లక్ష సినిమాలు, అన్ని భాషలు, ఆటలు, మాట్లాడితే లైట్లు కూడా ఆర్పుతుందట.

"అన్నా, మాకు లక్ష సినిమాలు వద్దు. నిన్నటి సీరియల్ చాలు" అన్నాను. "వెయ్యగానే సీరియల్ రావాలి. నువ్వెవరని అడగకూడదు. రిమోటుకి నొక్కేవి తక్కువ ఉండాలి."

అప్పుడాయన అరలోంచి వేలెడంత పుల్ల లాంటిది ఒకటి తీశాడు. టీవీ వెనక గుచ్చితే చాలట. రిమోటు కూడా అరచేతిలో ఇమిడిపోతుంది. ముందు రోజు ఏది చూశామో అదే మొదట కనిపిస్తుంది, నొక్కితే తర్వాతి ఎపిసోడ్ వస్తుంది. వెనక్కి జరుపుకోవచ్చు, ఆపుకోవచ్చు. చూస్తే నాకు నచ్చింది. అసలు అడగాల్సింది ఇంకా అడగలేదు. మా ఆయన పక్కనే ఉన్నాడు.

"చెవులకి పెట్టుకునేవి దీనికి తగులుతాయా? వైరు లేకుండా?"

తగులుతాయని, చెవుల మీద గిన్నెల్లా బోర్లించుకునేవి ఒక జత చూపించాడు. సౌండు పెంచుకోవడానికి వాటికే పక్కన చిన్న చక్రం ఉంది. పెట్టుకుంటే టీవీలో సౌండు రాదు, చెవుల్లోనే వస్తుంది.

"అవెందుకు?" అన్నాడు మా ఆయన.

నేను అంతవరకు దీని గురించి ఆలోచించలేదు. నోటికి వచ్చింది అనేశాను. "మీ అమ్మ సీరియల్ గోల నాకు తలనొప్పిగా ఉండాది."

కొట్టాయన మొహం పక్కకు తిప్పుకుని బిల్లు రాసుకున్నాడు. మా ఆయన డబ్బు కట్టాడు. దారిలో బండి ఎక్కడా ఆపలేదు, టీ కూడా తాగలేదు. ఇందుకూరుపేట దాటాక మాత్రం, వెనక్కి తిరక్కుండా, "ఆమెకి మతి పోతుండాదని నేను ఏడుస్తుంటే, నీకు ఆమె గోల తలనొప్పయిందా?" అన్నాడు. నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. మీ అమ్మకి మతి పోలేదయ్యా, నిక్షేపంగా ఉంది అని ఒక్క మాట అంటే ఆయన ప్రాణం కుదుటపడేది. మాట ఇచ్చాను కాబట్టి మింగాను. నాకు ఏడుపు వచ్చింది, గాలికి కళ్లు మండినట్టు తుడుచుకున్నాను.

ఇంటికొచ్చి పుల్ల గుచ్చాం. రిమోటులో మా అత్తకు అక్కర్లేని మీటల మీద నేను ప్లాస్టరు ముక్కలు అతికించాను. కావలసినవి మాత్రం మిగిలాయి. ఇది నొక్కితే మొదలు, ఇది నొక్కితే ఆగుతుంది, ఇది వెనక్కి. ఆమె రెండుసార్లు నొక్కి చూసి నేర్చుకుంది. మా ఆయన బయటికి పోయాక గిన్నెలు ఆమె చెవుల మీద పెట్టి, చక్రం తిప్పాను. ఆమె ఉలిక్కిపడి గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత తనే చక్రం మీద వేలు పెట్టి సరిచేసుకుంది.

ఎపిసోడ్ మొత్తం కదలకుండా చూసింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. నాకు బొమ్మ కనిపిస్తోంది, మాట లేదు. ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. మెల్లగా ఆమె మొహంలో చిరాకు మొదలైంది. గిన్నెలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇవా వీళ్లు మాట్లాడేది? ఇంత చప్పగానా? మధ్యలో ఊరికే ఆ డబడబలేంది? ఆమె ఏడస్తా ఉంటే ఒక్క మంచి మాట రాయలేకపోయినారే. నేను చెప్పింది ఎంత బాగుండింది!"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వింది. మేమిద్దరం కలిసి అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు. నవ్వు ఆగాక ఆమె పాత ఎపిసోడ్, పెద్దకోడలికి ఫోన్ వచ్చినది, పెట్టమంది. గిన్నెలు పెట్టుకుని విన్నది. ఆపేసి, గిన్నెలు తీసింది.

"ఉద్యోగమే" అంది. "ఆ పిల్ల చెప్పింది నిజమే."

అప్పటి నుంచి ఆమె రోజూ చూసింది. సాయంత్రం కేబుల్లో వచ్చేటప్పుడు కాదు, అది అయిపోయాక, తనకు వీలైనప్పుడు. మా ఆయన మాత్రం తల్లి చెవుల మీద ఆ గిన్నెలు చూసినప్పుడల్లా నన్ను కోపంగా చూసేవాడు. "చెవులు మూసి కూర్చోబెట్టినావు గదా" అని ఒకసారి అన్నాడు కూడా. తల్లి అది చూసింది. మాట అందకపోయినా మొహం అందుతుంది గదా ఆమెకు. నా వైపు చూసింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున, నేను పాలు పిండి క్యాను మూత పెడుతుంటే, మా అత్త చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. కేంద్రానికి తనూ వస్తానంది. గుంటల్లో పని లేని రోజులు కాబట్టి క్యాను మా ఆయన బండి మీద పెట్టుకుని ముందు పోయాడు. మేమిద్దరం ఆమె మోకాళ్లు నడవనిచ్చినంత నెమ్మదిగా వెనక వెళ్లాం.

అక్కడ అందరికీ సంతోషమే అయింది. ఆ కోవూరు పిల్ల కూడా క్యాను పట్టుకుని నిలబడి ఉంది. ఎవరో అడగనే అడిగారు, "నిన్న ఏమయింది పెద్దమ్మా?" ఎదురుగా నిలబడి అడిగారు కాబట్టి ఆమెకు తెలిసింది. మొదలుపెట్టింది. ఈసారి మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి. చప్పగా ఉన్న చోట తను కాస్త ఉప్పూ కారం వేసుకుందనుకోండి, కథ మాత్రం మారలేదు. ఒకరిద్దరు ఆ పిల్ల వైపు చూశారు. ఆ పిల్ల అవునన్నట్టు తల ఊపింది. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు ఆ పిల్లే వెనక నుంచి అడిగింది, "పెద్దమ్మా, నేను నిన్న చివరిదాకా చూళ్లా. పెద్దకోడలు ఉద్యోగానికి పోతాదా, పోదా?"

మా అత్త చిన్న కోడలి సంగతి చెప్పుకుంటూ పోతోంది. ఆ పిల్ల మళ్లీ అడిగింది. మా అత్త ఆగలేదు. వరసలో వాళ్లు మా అత్త భుజం మీదుగా వెనక్కి చూడసాగారు. ఆ పిల్ల మీద అలిగి జవాబు చెప్పడం లేదేమో అనుకున్నట్టున్నారు. ఆమె బదులు నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంకొన్నాళ్లు ఇట్లా నెట్టుకొస్తే చాలు, గుంటల్లో కొత్త రొయ్యపిల్ల పడుతుంది, ఏరియేటర్లు తిరుగుతాయి, ఊరంతా మళ్లీ అరుచుకుంటుంది, ఎవరికీ తెలియకుండానే పోతుంది.

మా అత్త నా నోరు చూసింది. వరసలో వాళ్ల కళ్లు చూసింది. బండి పక్కన నిలబడి ఉన్న కొడుకును చూసింది. చెబుతున్నది ఆపేసి, వెనక్కి తిరిగింది.

"ఎవురు మే, నువ్వేనా అడిగింది? నాకు చెవులు సరిగ్గా వినపడవు. చాన్నాళ్లయినాది. మా కోడలికి తెలుసు, నేనే చెప్పబాకు అన్నా. ముందుకొచ్చి అడుగు."

పాలు పోయించుకునే ఆయన చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఎవరూ నవ్వలేదు. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. అంతమందిలో నాకు కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ పిల్ల ముందుకొచ్చి, మా అత్త మొహానికి ఎదురుగా నిలబడింది. అరవలేదు. మెల్లగా, మాట మాటా విడివిడిగా మళ్లీ అడిగింది.

"పోతాది" అంది మా అత్త. "వాళ్లత్త వద్దన్నాది, అయినా పోతానన్నాది. ఈ మాట నా చెవులతో విన్నా."

తర్వాత ఏమయింది పెద్దమ్మా, అని ఎవరో అన్నారు. ఆమె వెనక ఉన్నవాళ్లంతా క్యాన్లు తీసుకుని ముందుకొచ్చి నిలబడ్డారు.